ఇల్లాలికి పాదసేవ

గూడూరి చెంత నొక నిమ్మతోటలో గడచిన వేసవిని మే మొక యుదయము గడపితిమి. చెట్ల క్రింద రాసులు పోసిన కాయలను స్త్రీలు పదిమంది చుట్టును కూర్చుండి, పండినవానిని ఒక గంపలోనికిని, పచ్చివానిని వేఱొక గంపలోనికిని ఏరివేయుచుండిరి. వారిలో నలువదియైదేండ్లు దాటినట్లు కన్పట్టు నొకతె ఉన్నట్లుండి చేతిలోని కాయ విడిచి, పైటచెఱగుతో మొగము విసరుకొనుచు లేచి, బోరుపంపు కడకు పోయి, పాదములపై నీళ్ళు గ్రుమ్మరించుకొని నిలువబడెను. కొంతసేపటికి మరల వచ్చి పనిలో కూర్చుండగా, ఏమమ్మా, ఒడలు బాగుగ లేదా యని యడిగితిమి. "ఏముండాదయ్యా, ఉన్నట్టుండి ఒళ్ళు పొయ్యి మాదిరి రగులుద్ది. కాసేపుంటే పోద్ది. రేతిళ్ళు మాత్రం కంటికి కునుకుండదు" అని చెప్పి, నవ్వి, కాయలేరుకొనసాగెను. మా వెంట నున్న తోట యజమాని, ఈయేడు ఎండలు మిక్కుటముగా నున్నవనెను. అది యెండవేడి గాదని ఆమెకు తెలియును. ప్రక్కన గూర్చుండిన స్త్రీలకును తెలియును. తెలియనివాడు తోట యజమానియే.

ఈ యవస్థకు మన భాషలో మాట లేక పోలేదు. ముట్లుడుగుట యని పెద్దలనిరి; రజోనివృత్తి యని వైద్యగ్రంథములు చెప్పినవి. కాని పురుషులు కూర్చున్నచోట ఈ మాట పలుకుట మర్యాద గాదని స్త్రీలును, వినుట మర్యాద గాదని పురుషులును తలంచుటచేత, ఇంటింట జరుగు నీ విషయము ఏ యింటను జరుగనట్లే చెల్లిపోవుచున్నది. సుశ్రుతుడు సిగ్గుపడలేదు. పండ్రెండవ యేట మొదలైన ఋతువు, ముదిమిచే శరీరము పరిపక్వమైన యేబదవ యేట నుడుగునని ఆయన శారీరస్థానమున స్పష్టముగా వ్రాసినాడు. నేటి వైద్యులు పండ్రెండు మాసములు వరుసగా ముట్టు రాకున్నచో అది ముగిసినదని లెక్కింతురు. పాశ్చాత్య దేశములలో ఆ ప్రాయము సగటున 51 ఏండ్లు కాగా, మన దేశమున 46, 47 ఏండ్లకే వచ్చుచున్నది. అనగా మన స్త్రీ ఆ దేశపు స్త్రీకంటె నాలుగైదేండ్లు ముందుగా నీ గుమ్మము దాటుచున్నది.

దాటుట యనగా ఒక్క యడుగులో దాటుట గాదు. అండకోశములలోని బీజములు తరిగిపోవుకొలది ఈస్ట్రోజెనను స్రావము హెచ్చుతగ్గులై తుదకు క్షీణించును. మెదడులో శరీరోష్ణమును కాపాడు హైపోథాలమసను భాగము ఆ స్రావమున కలవాటుపడి యుండును. అది కొఱవడగానే కొలది పాటి యుష్ణభేదమునకే ఉలికిపడి, ఒడలు కాగిపోవుచున్నదని భ్రమించి, చర్మపు రక్తనాళములను తెఱపించి చెమట పోయించును. ఇవియే ఆవిరులు. రాత్రివేళ నివి వచ్చిన నిద్ర చెడును. నిద్ర చెడిన మఱునాడు విసుగు, మఱపు, తలనొప్పి. కీళ్ళనొప్పులును, గుండెదడయు, కారణము తెలియని దిగులును కొందఱికి తోడగును. అమెరికాలో పలువురు స్త్రీలను ఏండ్ల తరబడి వెన్నాడి చూచి 2015లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, తఱచుగా ఆవిరులు వచ్చు స్త్రీలలో సగముమందికి ఆ బాధ ఏడేండ్లకు పైగా నిలిచినది. ఏడేండ్ల జ్వరమును ఏ పురుషుడైనను నవ్వుచు భరించునా యని మే మడుగుట లేదు; ఏడు దినముల పడిశమునకే ఇల్లంతయు నిలువబెట్టువారిని మే మెఱుగుదుము.

ఇట్టి బాధకు నేడు పట్టణములలో నొక యుపచారము ప్రచారమున కెక్కినది. దానిని రిఫ్లెక్సాలజీ యందురు. పాదము అడుగున శరీరమంతయు పటముగా నిమిడియున్నదనియు, ఏ యవయవమునకు సంబంధించిన తావును అచ్చట నొక్కిన ఆ యవయవము చక్కబడుననియు దాని సిద్ధాంతము. బొటనవ్రేలి నడుమ తావు మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథిది. చీలమండకు లోపలివైపు గర్భాశయము, వెలుపలివైపు అండకోశము. కావున ముట్లుడుగు ప్రాయపు స్త్రీకి ఈ తావుల నొత్తిన స్రావములు సమత నొందునని చెప్పుదురు. అంగళ్ళలో ఈ పటములు అమ్ముచున్నారు; గుబ్బలు గల పాదరక్షలు, కొయ్య ఉరుళ్ళు తిరునాళ్ళకును రైలుస్టేషనులకును వచ్చినవి. మూడు దారులు కలియు గూడూరు జంక్షనులో బండి మాఱుటకై గంటలకొలది కాచియుండు ప్రయాణికుని కంటికి ఏ సరుకు పడదు?

దీని పుట్టుకను గుఱించి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏలయన ఇది వేదకాలపు విద్య యని మన దేశభక్తులు కొందఱు ఉపన్యసించుట వినుచున్నాము. అది నిజము గాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందలి హార్ట్‌ఫర్డ్ నగరమున ముక్కు, చెవి, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జ్‌జెరాల్డ్ శరీరమును నిలువున పది మండలములుగా విభజించి, ఒక మండలములో నొకచోట నొక్కిన వేఱొకచోట నొప్పి తగ్గునని తలంచి, బోవర్సు అనునతనితో గలిసి 1917లో గ్రంథము ప్రకటించినాడు. ఆ మార్గమున నడచి, పాదముల మీదనే దృష్టి నిలిపి, పటము గీచినది యూనిస్ ఇంగాం అను నంగమర్దన చికిత్సకురాలు. ఆమె గ్రంథము 1938లో వెలువడినది. ఈ విద్య వయస్సు నూఱేండ్లకు కొంచె మెక్కువ. పరదేశమున బుట్టినంత మాత్రమున నొక విద్య చెడ్డది గాదు, మంచిదియు గాదు. కాని పరుల సొత్తును మన తాతల దని చెప్పుకొనుట స్వదేశాభిమానము గాదు. మన తాతల సొత్తు వేఱుగా నున్నది. దాని మాట ముందు చెప్పెదము.

పాదమును అవయవములకు కలుపు నాడులేవియు ఆ పటములో చెప్పిన రీతిని లేవు. శరీరమును కోసి చూచినవారికి చీలమండనుండి అండకోశమునకు పోవు త్రోవ కన్పడలేదు. ఒకరు గీచిన పటము వేఱొకరు గీచిన పటముతో సరిపోవుటయు లేదు. అయినను, సిద్ధాంతము తప్పైనను ఫలము కలుగవచ్చును గదా! బావి త్రవ్వినవాని శకునము తప్పైనను నీళ్ళు పడిన తావులు లేవా? కావున ఫలమును గుఱించి పరీక్షించినవారి మాట వినుట న్యాయము.

ఈ విషయమున మిక్కిలి తేటయైన పరీక్ష ఇంగ్లండులో ఎక్సెటరునందు జరిగి, 2002లో ప్రకటింపబడినది. ఆవిరులతో బాధపడుచున్న 45 మొదలు 60 ఏండ్లలోపు స్త్రీలు 76 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు పటము ననుసరించి తావులెఱిగి యొత్తిరి. రెండవ జట్టునకు తావులతో నిమిత్తము లేని సామాన్య పాదమర్దనము చేసిరి. రెంటిని చేసినవారు ఆ విద్యలో నేర్పరులే. పందొమ్మిది వారములలో తొమ్మిది మారులు జరిగినది. తుదకు చూడగా రెండు జట్లలోను దిగులు, ఆందోళము తగ్గినవి. ఆవిరుల తీవ్రతయు, రాత్రి చెమటలును తగ్గినవి. కాని జట్టునకు జట్టునకు భేదము కన్పడలేదు. పటము తెలిసిన చేయియు, పటము తెలియని చేయియు నొక్కటే ఫలమిచ్చినవి.

ఈ ఫలితమును రెండువిధముల చదువవచ్చును. విద్య వ్యర్థమని యొకరందురు. మేము మఱియొక విధముగా చదివితిమి: పాదము లొత్తుటకు పటముతో పనిలేదు. అయితే ఇక్కడ నొక చిక్కు గలదు, దానిని దాచుట ధర్మము గాదు. ఏ మర్దనమును లేక ఊరకుండిన మూడవ జట్టు ఆ పరీక్షలో లేదు. కావున తగ్గిన బాధలో కాలమహిమ ఎంత, చేతిమహిమ ఎంత, కొంతకాలము తమ మాట యొకరు శ్రద్ధగా విన్నారన్న తృప్తి యెంత యని విడదీయుటకు వీలులేదు. టర్కీలో 2016లో ప్రకటింపబడిన వేఱొక పరిశీలనలో పటము ననుసరించిన మర్దనమే సామాన్య మర్దనముకంటె ఆవిరులను ఎక్కువగా తగ్గించినదని చెప్పినారు. ఇరాను దేశమునుండి నిద్రకు మేలు కలిగినదని వార్త వచ్చినది. ఇట్టి పరీక్షలలో ఒత్తువారికి తామేమి చేయుచున్నారో తెలిసియే యుండును; వారి యుత్సాహము చేతిలోనికి దిగకుండ నాపుట ఎట్లు? 2009లో ఎడ్జర్డ్ ఎర్న్‌స్ట్ అను నాచార్యుడు సకలరోగములపైనను జరిగిన 18 పరీక్షలను తూచి, ఏ రోగమునకైనను ఈ విద్య పనిచేయునని నమ్మదగిన నిదర్శనము లేదని తేల్చినాడు. రోగము మాన్పుననుటకు లేదు. అలసినవారికి హాయి నిచ్చునా యన్నచో, దానికి పరీక్షాలయము దాక పోనక్కఱ లేదు.

మన తాతల సొత్తన్నాము. అది పాదాభ్యంగము. చరకుడు సూత్రస్థానమున దినచర్య చెప్పుచు, పాదములకు నూనె రాచి మర్దించుటవలన బిరుసుదనము, ఎండిపోవుట, మొద్దువారుట, బడలిక పోవుననియు, పాదములు మృదువై బలము పొందుననియు, కంటికి మేలనియు వ్రాసినాడు. వాగ్భటుడు నిత్యమును అభ్యంగము చేయుమని, తలకును, చెవులకును, పాదములకును విశేషించి చేయుమని యనెను. గమనింపుడు: పాదములో కాలేయ మున్నదని గాని, గర్భాశయ మున్నదని గాని వారనలేదు. పాదమునకు నూనె రాచిన పాదమునకు మేలు, బడలికకు మేలు అన్నారు. కంటి మాట విడిచిన, ఇంతకంటె ఎక్కువ నేటి పరీక్షలును చెప్పుట లేదు. పూర్వులు తక్కువ చెప్పి ఎక్కువ నిలిచిరి.

అయితే ఈ సొత్తును మన మెవరి కొఱకు వాడితిమి? నెల్లూరు తల్పగిరి రంగనాథుని దర్శించని వారు ఈ ప్రాంతమున నుండరు. శేషతల్పముపై పవళించిన దేవుని పటము లేని పూజాగృహము అరుదు. ఆ పటములో శ్రీదేవి పాదముల చెంత గూర్చుండి యొత్తుచుండును. ఆ దృశ్యమును మనము భక్తితో చూచితిమి. తరువాత సౌకర్యముతో చూచితిమి. పొలమునుండి వచ్చిన మామగారికి కోడలు కాళ్ళొత్తినది. కచ్చేరి నుండి వచ్చిన భర్తకు భార్య యొత్తినది. బిడ్డల కొత్తినది, పురిటాలైన కూతున కొత్తినది, మంచమున బడిన అత్తగారికి ఏండ్ల తరబడి యొత్తినది. నలువదియైదేండ్లు వచ్చి, ఆమెకే ఒడలు భగ్గుమని, నిద్ర రాక, మోకాళ్ళు పీకుచు నడుమ గదిలో ఒంటరిగా లేచి కూర్చుండిన రాత్రి, ఆమె పాదములపై చేయి వేయువా రెవరు? మే మెఱిగిన యొక పెద్ద కుటుంబములో ఆ తల్లి రాత్రివేళ వసారాలోనికి వచ్చి చల్లని బండపై అరికాళ్ళు మోపి తెల్లవాఱుదాక నడచెడిది. దోమలచే నిద్రపట్టుట లేదని ఇంటివారు తలంచి, మంచి దోమతెర కొనితెచ్చిరి. వారు ప్రేమ లేనివారు గారు.

పట్టణమున డబ్బిచ్చి పాదములొత్తించుకొను స్త్రీలను చూచి పరిహాసమాడుటకు మాకు మనసొప్పదు. ఇంట దొరకని చేయిని వారు అంగడిలో వెదకికొనుచున్నారు. అరగంటసేపు ఒకరు తమ బాధ యడిగి, విని, తమ పాదమును చేతిలోనికి తీసికొనుట ముప్పదియేండ్ల సంసారములో వారికి మొదటిసారి కావచ్చును. అంగడివాడు స్రావములు సరిచేసెదనని చెప్పి ఏడాది కాలమునకు ముందుగా సొమ్ము గట్టించుకొనునపుడు మాత్రము మాకు కోపము వచ్చును. ఇక్కడ మా వృత్తి చరిత్రయు కొంత జ్ఞాపకము చేసికొనవలెను. 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి; తలనొప్పి మందు తెలుగుజాతికి దినపత్రిక నిచ్చినది. స్త్రీల వ్యాధులకు లోధ్ర యను మందు తయారుచేసిన కేసరి కుటీరాధిపతి డాక్టరు కె.ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మి మాసపత్రికను నెలకొల్పిరి. మందుల ప్రకటనలతో బ్రతికిన పత్రికల వంశమునకు చెందిన మేము మందుల వారిని తూలనాడుట యెబ్బెట్టుగ నుండును. అయినను ఆ పత్రికలు స్త్రీ శరీరమును గుఱించి మాటాడుట తప్పు గాదని ఆనాడే మనకు నేర్పినవి. ఆ పాఠమును తరువాతివారు మఱచిరి.

ఇక నసలైన యాపద చెప్పవలసియున్నది. పాదసంవాహనమున వచ్చిన నష్టము స్వల్పము. మన రాష్ట్రమున జరుగుచున్న వేఱొక పని యున్నది, దాని నష్టము స్వల్పము గాదు. గర్భసంచి తీసివేయు శస్త్రచికిత్స. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కల ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీయబడి యుండగా, ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు తొమ్మండుగురికి, తెలంగాణమున సుమారు ఎనమండుగురికి తీయబడినది. దేశములో ప్రథమస్థానము మనది, ద్వితీయస్థానము మన సోదరులది. ఏ విషయమునందైనను మనకు ప్రథమస్థానము రావలెనని కోరువారము. ఈ కీర్తి వలదు. దేశమున నీ చికిత్స జరిగిన స్త్రీలలో సగముమంది 34వ యేటికే సంచి పోగొట్టుకొనినవారు. సగమునకు పైగా చెప్పబడిన కారణము అధిక రక్తస్రావము. అందులో నెంత భాగము మందులతో నయము కాదగినదో! మూడింట రెండు పాళ్ళు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి.

"బిడ్డలు గలిగిరి, ఇక నీకు సంచితో పనియేమి?" అన్న మాట మన పల్లెలలో వైద్యుని నోటనే గాదు, అత్త నోటను, భర్త నోటను, తుదకు ఆమె నోటను వినబడును. మైల పట్టింపులు, నెలకు మూడుదినముల కూలి నష్టము, కాన్సరు వచ్చునన్న బెదిరింపు ఇన్నియు గలిసి ఆమెను బల్లపై పరుండబెట్టును. సంచితో పాటు అండకోశములను గూడ తీసివేసినచో ఆమెకు ముట్లుడుగు ప్రాయము మెల్లమెల్లగా రాదు. మఱునాటి యుదయమే వచ్చును. అండకోశములు మిగిల్చినను అవి ముందుగానే ఎండిపోవుట కలదు. ముప్పదియైదేండ్ల స్త్రీ ఒడలిలో ఏబదియైదేండ్ల యెముకలు మొదలగును. ఎముకలు పెళుసుబాఱుటయు, గుండెజబ్బును తోడై వచ్చును. డాక్టరు నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5వ తేదీన తీర్పు చెప్పుచు, అనవసరపు గర్భసంచి శస్త్రచికిత్సలను నివారించుటకు కేంద్రము రూపొందించిన నియమములను మూడు మాసములలో అమలుపెట్టవలసినదని రాష్ట్రముల నాజ్ఞాపించినది. ఆ వ్యాజ్యము బీహారు, ఛత్తీసుగఢు, రాజస్థాను రాష్ట్రముల స్థితినిబట్టి పుట్టినది. లెక్కలలో ముందున్న మనము ఆ తీర్పును అందఱికంటె ముందుగా చదువవలసినవారము.

ఇట్లు నలువదేండ్ల లోపుననే ముట్లుడిగిన స్త్రీకి పాదము లొత్తించుకొనుము, సరిపోవును అని చెప్పువాడు ఆమెకు అపకారము చేయుచున్నాడు. ఆమెకు కావలసినది వైద్యుని సలహా. ప్రకృతి నిర్ణయించిన ప్రాయము వచ్చువఱకు కోల్పోయిన స్రావమును మందుగా నిచ్చుట తగునా యని విచారింపవలెను. ఆ మందును గుఱించి భయము వ్యాపించినది 2002లోనే, అమెరికాలో పెద్ద పరీక్ష నొకదానిని నడుమ నాపివేసినపుడు. రొమ్ము కాన్సరు, రక్తపుగడ్డల భయముతో స్త్రీలు మందు విడిచి నూనెలవైపును, వేళ్ళవైపును, పాదములవైపును మఱలిరి. తరువాత ఆ లెక్కలను వయస్సులవారీగా విడదీసి చూడగా, అఱువదేండ్ల లోపువారికి, లేదా ముట్లుడిగి పదేండ్లు గడువనివారికి, ఇతర ప్రతిబంధకములు లేకున్న, తీవ్రమైన బాధలో మేలే యెక్కువ యని తేలినది. ఆవిరులను తగ్గించుటలో దానికి సాటియైనది నేటికిని లేదు. స్రావముతో పనిలేక మెదడులోని ఉష్ణకేంద్రముపై పనిచేయు కొత్త మందొకటి 2023లో అమెరికాలో అనుమతి పొందినది. ఎవరికేది తగునో వైద్యులు చెప్పవలసిన మాట. పత్రికలును, పాదపటములును చెప్పవలసినది గాదు. ముట్టు నిలిచి ఏడాది గడచిన పిదప నొక్క చుక్క రక్తము కన్పడినను ఆలసింపక చూపించుకొనవలెను. ఇది యొక్కటి ఇంటి పురుషులకును తెలిసియున్నచో కొన్ని ప్రాణములు దక్కును.

మన ప్రభుత్వముల యారోగ్యప్రణాళికలలో స్త్రీకి మాతృత్వమున్నంత కాలము స్థానము కలదు. గర్భిణికి లెక్కయున్నది, ప్రసవమునకు పైకమున్నది, బిడ్డకు సూదిమందున్నది. బిడ్డలు ముగిసిన తరువాత ఆమె పట్టికలలో నుండి జారిపోవును. గూడూరు వంటి పట్టణమున ఏరియా ఆసుపత్రి యున్నది, గ్రామగ్రామమున ఆశా కార్యకర్త లున్నారు. వారానికొక పూట నలువదేండ్లు దాటిన స్త్రీల కొఱకు కేటాయించి, రక్తపుపోటు, చక్కెర చూచి, ఈ మాట యడిగి, జవాబు వ్రాసికొనుటకు కొత్త చట్టము లక్కఱలేదు. 2022లో గూడూరిని నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మార్చినపుడు ఎన్ని సభలు, ఎన్ని విజ్ఞాపనలు జరిగినవో పాఠకు లెఱుగుదురు. అందులో నూఱవ వంతు శ్రద్ధ చాలును.

ఇంటిలో చేయదగినది చెప్పెదము. రాత్రి పరుండుటకు ముందు చన్నీళ్ళతో పాదములు కడిగి, తుడిచి, గానుగ నువ్వులనూనె కొంచెము రాచి, మడమనుండి వ్రేళ్ళవైపునకు బొటనవ్రేలితో మెల్లగా ఒత్తుచు పోవలెను. చీలమండల చుట్టును తిరుగవలెను; అచ్చట అండకోశ మున్నదని గాదు, రోజంతయు నిలువబడిన చీలమండ నొచ్చును గనుక. ఒక్కొక్క పాదమునకు పది నిమిషములు చాలును. ఆమెకు నొప్పి పుట్టునట్లు నొక్కుట నేర్పరితనము గాదు. ఆవిరులు వచ్చునపుడు కొందఱికి తాకుటయే చిరాకుగ నుండును, అడిగి చేయవలెను. చక్కెరవ్యాధి గలవారి పాదములకు స్పర్శజ్ఞానము తగ్గియుండును; వారికి వేడినీళ్ళు తగవు, గుబ్బల చెప్పులు తగవు, పుండున్నచో చేయియే తగదు. ఒక్క పిక్క మాత్రమే వాచి, ఎఱ్ఱబడి, నొచ్చుచున్నచో అది రక్తపుగడ్డ కావచ్చును. దానిని పిసుకక వైద్యుని కడకు కొనిపోవలెను. ఒత్తుట ముగిసిన తరువాత నూనె పూర్తిగా తుడువవలెను. ఈ ప్రాయమున ఎముకలు పలుచబడి యుండగా నాపరాతి గచ్చుపై జాఱిపడుట కంటె కీడు వేఱొకటి లేదు.

దీనికి తోడు ఆహారము. కొర్రలను, రాగులను విడిచి తెల్లని బియ్యమునకు మఱలిన యిండ్లలో సంకటి మరల వండవలసినది. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్న మున్నది, బియ్యములో నది నామమాత్రము. ఉదయపు నడక, ఎండ. పొగలు గ్రక్కు కాఫీ కొందఱికి ఆవిరులను రేపును. ఈ సీమలో కాఫీ మానుమని చెప్పుట సాహసమని మాకు తెలియును, చల్లార్చి త్రాగుమని మాత్రము చెప్పెదము.

కూలిస్త్రీకి ఇవన్నియు చెప్పుట యెట్లు? బురదలో నాట్లు వేయునామెకు, నిమ్మముండ్లలో చేతులు పెట్టునామెకు, ఒకప్పుడు ఈ ప్రాంతపు గనులలో అభ్రకపు రేకులు చీల్చి కండ్లు పోగొట్టుకొనినామెకు, రాత్రి ఇరువది నిమిషములు పాదములొత్తువా రున్నారా? ఆమె భర్తయు పగలంతయు బరువులు మోసి వచ్చినవాడే. ఆమె విషయమున భారము పొలముగల గృహస్థునిపై కొంత యున్నది. నీడపట్టున నొక బల్ల, చన్నీళ్ళు, మధ్యాహ్నపు టెండలో రెండు గంటల విరామము, ఆసుపత్రికి పోయిన దినమున కూలి కోత లేకుండుట. వీనికయ్యెడి వ్యయము ఒక గంపెడు నిమ్మకాయల వెలకు మించదు.

తోటనుండి మఱలి వచ్చునపుడు యజమానితో ఈ మాటలన్నియు చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. కడకు, తన ఇంటిలోను ఆమె రాత్రులు లేచి నీళ్ళు చల్లుకొనుచుండుట రెండేండ్లుగా చూచుచున్నాననియు, ఏమని యడుగుటకు తోచలేదనియు చెప్పెను. పాదము లొత్తుట తన కెవరు నేర్పుదురని నవ్వుచునే యడిగెను. ముప్పదియేండ్లుగా నీ కాళ్ళొత్తిన చేతులే నేర్పునంటిమి. ఆ సాయంకాలమునకు ఆయన పంపుకడ నీడకై నాలుగు గుంజలు పాతించి తాటాకులు కప్పింప మొదలుపెట్టినాడు. ఇంటి సంగతి మే మడుగలేదు.